తోపుడుబళ్ళ పెళ్ళి

దిగులు 1

పట్టీ ఆఫీసు హిమజ గారికి, ఏడో సొరంగం గడ్డిగది నుంచి గవరమ్మ రాసేది.

రోజుకొక దిగులు ఈ పుస్తకంలో రాయమన్నారు. నోటితో చెబితే పక్కవాళ్ళకి అంటుకుంటుందట, కాగితానికైతే అంటదట. నేను చదివింది మూడో తరగతి దాకానే. తప్పులుంటే మీరే దిద్దుకోవాలి. పుస్తకం నిండాక తీసుకెళ్తామన్నారు. మీరిచ్చిందేమో ఇంత సన్న పుస్తకం. నా దిగుళ్ళకి ఇది చాలుతుందా అన్నదే ఇవాళ్టి దిగులు.

నాకు డెబ్భై ఒకటి. చేతికి పట్టీ కట్టి ఆరేళ్ళు. ఆరేళ్ళూ పసుపు రంగే. ఆకుపచ్చ ఎప్పుడూ చూడలేదు, దేవుడి దయ వల్ల ఎరుపూ చూడలేదు. పుట్టగొడుగులు పెంచే గడ్డి నానిందో లేదో, ఉడికిందో లేదో, వాటి విత్తనం సంచిలో బూజు పట్టిందేమో, పైకప్పు నీరు కారుతోందేమో. కారకపోతే ఎందుకు కారడం లేదో. ఇలా ఉంటుంది నా సంగతి.

మీరు నాకు కూతురి వరస అవుతారని అనుకున్నాను. కూతురిని ఎగతాళి చేయం కదా, అందుకే ఆ వరస ఎంచుకున్నాను. మర్యాదగానే రాస్తాను.

దిగులు 2

ఇది సాయవ్వ గురించి.

గడ్డిగదిలో నా పక్క బల్ల ఆమెది. నాది సముద్రం ఒడ్డు ఊరు, ఆమెది గుట్టల నడుమ ఊరు. రెండూ ఇప్పుడు ఎండకి ఖాళీ. పదేళ్ళ కిందట అందరం ఈ సొరంగాల్లోకి దిగినప్పుడు ఇక్కడ ఎవరికి ఎవరూ ఏమీ కారు. మొదటి రోజే ఆమె నా బల్ల దగ్గరకొచ్చి, "వదినె, నీ గడ్డి మస్తు నీళ్ళు తాగింది, నువ్వేమన్న తాగినవా?" అంది. వదినె అన్నదంటే ఇక మేము ఒకరినొకరు ఏమైనా అనుకోవచ్చన్నమాట. మా పెద్దవాళ్ళ నాటి నుంచీ అంతే. వరస లేకుండా వెటకారమాడితే అది తిట్టు. వరస కలిపి ఆడితే మర్యాద. ఆడకపోతేనే కోపం ఉందనుకుంటారు.

సాయవ్వకి ఇప్పటికి రెండు ఎరుపులు. రెండూ నవ్వినందుకే. మీ పట్టీకి గుండె వేగం తెలుస్తుంది, ఊపిరి తెగడం తెలుస్తుంది, కళ్ళనీళ్ళు తెలుస్తాయి. మనిషి భయపడ్డా అవే, పడీపడీ నవ్వినా అవే. దానికి తేడా తెలియదు. ఎర్రబడి కూత పెడుతుంది. మూడు ఎరుపులైతే తెల్ల చెప్పుల మనుషులు చక్రాల కుర్చీ తోసుకొచ్చి విశ్రాంతి గదులకి తీసుకెళ్తారు. అందుకే మేము నవ్వొస్తే పెదాలు బిగించి మోకాలి మీద రెండుసార్లు తడతాం. నవ్వొచ్చింది అని దాని అర్థం. మీ పట్టీకి అది అర్థం కాదు.

సాయవ్వకి మోకాలు చాలదు. నవ్వు వచ్చిందంటే మనిషంతా నవ్వుతుంది.

రెండో ఎరుపుకి కారణం నేను. గడ్డి ఉడికే డ్రమ్ముకి మూత పెట్టానో లేదో అని మూడుసార్లు అడిగాను. నాలుగోసారి నోరు తెరిచేసరికి ఆమె అంది: "వదినె, పొయ్యి ముట్టియ్యలే గని, నువ్వు గా మూత మీదనే కూసున్నవ్."

కిందికి చూసుకున్నాను. నిజమే. అంతే, ఆమె పట్టీ కూసింది.

దిగులు 3

ఇవాళ పైకప్పు మైకులో మీ గొంతు వినపడింది. "గడ్డిగది సాయవ్వ గారు పదకొండు రోజులుగా ఆకుపచ్చలో ఉన్నారు. అందరూ ఆదర్శంగా తీసుకోవాలి." అందరం చప్పట్లు కొట్టాం. సాయవ్వ కొట్టలేదు. చేతిలో గడ్డి ఉంది, దాన్ని చూస్తూ ఉంది.

మీకు ఆఫీసు అద్దం వెనక నుంచి మా పట్టీల రంగు కనపడుతుంది. పక్క బల్ల నుంచి నాకు మనిషి కనపడుతుంది. పదకొండు రోజులుగా ఆమె సగం రొట్టె తిని సగం పక్కన పెట్టేస్తోంది. తల దువ్వుకోవడం మానేసింది. మూడో ఎరుపు పడకూడదని మొదట నవ్వుని ఆపింది. తర్వాత మాటని ఆపింది. ఇప్పుడు ఆపడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఇవాళ కావాలని ఒక మాట అన్నాను. "ఏటి వొదినా, మీ ఊరి జొన్నరొట్టి ఇలాగే ఉంటాదా? మా ఊర్ల ఇలాటివి చెప్పులకి అడుగులు కుట్టుకుంటారు."

పదేళ్ళలో ఆమె నాకు ఒక్క మాట బాకీ ఉంచలేదు. ఇవాళ తల కూడా ఎత్తకుండా, "అవును" అంది.

హిమజ గారూ, నేను చాలా వాటికి భయపడ్డాను. ఆ "అవును"కి భయపడ్డట్టు దేనికీ భయపడలేదు.

దిగులు 4

నవ్విస్తే కుర్చీ వస్తుంది. నవ్వించకపోతే మనిషి పోతుంది. రోజంతా ఇదే తిరిగింది బుర్రలో.

కుర్చీ ఎక్కి వెళ్ళినవాళ్ళు ఎలా తిరిగొస్తారో చెప్పక్కర్లేదు, మా గదిలోనే బసవయ్య ఉన్నాడు. ఒకప్పుడు సైకిల్ షాపు నడిపిన మనిషి. విశ్రాంతి గదిలో నాలుగు నెలలుండి వచ్చి రెండేళ్ళయింది. పని చేస్తాడు, తింటాడు, పట్టీ ఎప్పుడూ ఆకుపచ్చే. ఏమడిగినా "బాగుంది" అంటాడు. టీ ఎలా ఉంది, బాగుంది. కాలు మీద బండి ఎక్కింది కదా ఎలా ఉంది, బాగుంది. ఉతికి పిండి ఆరేసిన చొక్కాలా వేలాడుతూ ఉంటాడు.

సాయవ్వ అలా వేలాడుతుంటే నేను పక్క బల్ల దగ్గర ఎలా కూర్చోవాలి?

దిగులు 5

ఒక సంగతి రాయాలి. మీరు అప్పటికి ఈ ఉద్యోగంలో లేరేమో.

ఏడేళ్ళ కిందట ఎవరో పైకప్పు కూలుతోందని అరిచారు. కూలలేదు. కానీ ఒకరి భయం ఇంకొకరికి అంటుకుని మూడు సొరంగాల జనం పెద్ద తలుపు మీద పడ్డారు. తలుపు తెరుచుకుంది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. మా ఆయన అక్కడే పోయాడు. తొక్కిసలాటలో పోయాడో ఎండకి పోయాడో నాకు ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడు మీరు పట్టీలు తెచ్చారు, భయాన్ని పుట్టగానే పట్టుకోవడానికని. ఏడో సొరంగంలో అందరికంటే ముందు చెయ్యి చాపింది నేనే. ఆ రోజు మీకు దండం పెట్టాను. ఇప్పటికీ తప్పు చేశాననుకోను.

కానీ ఇవాళ గడ్డి తొక్కుతుంటే ఒకటి తోచింది. భయం మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందని మీకు తెలుసు. నవ్వు కూడా అలాగే అంటుకుంటుంది కదా! ఒక్కళ్ళు నవ్వితే ఒక్క కుర్చీ చాలు. గదంతా నవ్వితే?

ఏడో సొరంగం విశ్రాంతి గదిలో మంచాలు ఆరు. గడ్డిగదిలో మేము నలభై ఒక్కమంది.

ఇది రాసేస్తున్నానేమిటి? పుస్తకం మీరే కదా చదివేది. చదవండి. మీరు దీన్ని తీసుకెళ్ళేనాటికి అయిపోతుంది.

దిగులు 6

నవ్వమంటే ఎవరు నవ్వుతారు? చెప్పి నవ్వించేది నవ్వు కాదు. పైగా మా గదిలో సగం మందికి సగం మంది ఏమీ కారు. ఎవరిని ఎవరు ఏమనగలరు? సాయవ్వకీ నాకూ ఉన్నట్టు అందరికీ వరసలుండాలి. నలభై మందికి ఒక్కసారిగా వరసలు కలవాలంటే ఉన్నది ఒకటే దారి. పెళ్ళి.

చిన్నప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళు చేసేవాళ్ళం. ఇక్కడ బొమ్మలు లేవు, గడ్డి మోసే తోపుడుబళ్ళు ఉన్నాయి. నా బండి పెళ్ళికొడుకు. సాయవ్వ బండి పెళ్ళికూతురు. ఎడమ వరస బల్లలవాళ్ళు మగపెళ్ళివారు, కుడి వరసవాళ్ళు ఆడపెళ్ళివారు.

ముందు మస్తాన్‌బీకి చెప్పాను. విత్తనం సంచులు కట్టేది ఆమె, యాభై దాటిన మనిషి, గదిలో ఆమె మాటకి ఎదురు లేదు.

"ఒకేళ నేనొక్కదాన్నే ఎర్రబడితేనో?" అని అడిగింది.

"ఒకలెనక ఒకలు నవ్వాల. సాయవ్వ నవ్విందంటే మీరందరు ఎనక ఉండాల. అదొక్కటే నేనడిగేది."

"రాకపోతే? నవ్వు రావాలి గదక్కా!"

"నాకూ అదే బెంగ."

"నీకు బెంగ లేంది ఎప్పుడులే" అని మోకాలు తట్టింది. తర్వాత సంచి మూతి బిగించి కట్టింది. "మా తోడికోడలు కూడా ఆ కుర్చీలోనే పోయిందక్కా. పదునాలుగు నెలలు. మనిషి వచ్చింది గానీ తను రాలా. కానియ్యి. ఆడపెళ్ళోళ్ళ పెత్తనం నాది."

మాట బల్ల నుంచి బల్లకి వెళ్ళింది. వద్దన్నవాళ్ళు ఇద్దరు. మధ్యాహ్నానికి ఆ ఇద్దరూ వచ్చి తమకి ఏ వరస ఇచ్చారని అడిగారు.

సాయవ్వకి మాత్రం, "నీ బండి ఓ గంట కావాల, వొదినా" అన్నాను. "తీసుకో" అంది.

దిగులు 7

అయిపోయింది. అయిందంతా రాస్తాను. గబగబా రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకండి.

మధ్యాహ్నం టీ గంట కొట్టగానే బల్లలు రెండు పక్కలకీ జరిపాం. గోనె దారం తాళి. తరిగిన గడ్డి అక్షింతలు. బసవయ్యని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టాం, పురోహితుడని. ఆయనకి ఒకటే మంత్రం వచ్చు, అది ఏ పెళ్ళికైనా సరిపోతుంది.

"ఏందమ్మా, పెళ్ళికొడుకేడీ?" మస్తాన్‌బీ గట్టిగా అడిగింది.

నా బండి తోశాను. దానికి ఎప్పుడూ ఎడమకే లాగుడు. పీటల మీదకి తోస్తే సరాసరి వెళ్ళి గోడకి గుద్దుకుంది.

"అప్పుడే పారిపోతన్నాడే మీవాడు! ఇంకా పిల్లని చూపించనే లేదు."

"మావోడికి సిగ్గమ్మా! నలుగుర్ని చూస్తే పక్కకెల్తాడు."

"సిగ్గా పాడా, అటేపు టీ డబ్బా ఉంది!"

గదంతా మోకాళ్ళ చప్పుడు. టపటపమని వాన మొదలైనట్టుంది. వాన చప్పుడు విని పదేళ్ళయింది.

పెళ్ళికూతురిని తెమ్మన్నాం. సాయవ్వ లేచి బండి తోసుకొచ్చింది. దాని ముందు చక్రం కీచుమని కూస్తుంది, ఎన్ని నెలలుగానో. ఆ కూత గదికి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్ళింది.

"ఒలమ్మ, ఏటా కూత!" అన్నాను. "మీ పిల్ల అత్తోరింట్ల కాలెట్టకముందే అత్తని తిడతన్నాదేటి వొదినా?"

మళ్ళీ మోకాళ్ళు. సాయవ్వ మాత్రం బండి పిడి పట్టుకుని నేల చూస్తూ నిలబడింది. పట్టీ ఆకుపచ్చ. నా పట్టీ పసుపు దాటి నారింజకి వచ్చేసింది. అయిపోయింది గవరమ్మా, నువ్వు అందరినీ ముంచావు, అసలు మనిషికి ఏమీ అంటుకోలేదు అనుకున్నాను.

మస్తాన్‌బీ మాత్రం ఆగలేదు. "పంతులుగారూ, పిల్లోడు ఎట్టా ఉన్నాడండీ?"

"బాగుంది" అన్నాడు బసవయ్య.

"పిల్లండీ?"

"బాగుంది."

"ముహూర్తమో?"

బసవయ్య చూపు పెళ్ళికూతురి ముందు చక్రం మీద ఉంది. వంగాడు. వేలితో చక్రాన్ని తిప్పాడు, అది కీచుమంది. చెవి దగ్గర పెట్టి ఇంకోసారి తిప్పాడు. తర్వాత మొహంలో ఏ మార్పూ లేకుండా, సైకిల్ షాపులో గిరాకీతో చెప్పినట్టు చెప్పాడు:

"నూనె పెట్టకుండా పంపితే మూడో రోజుకే పుట్టింటికి తిరిగొస్తది."

రెండేళ్ళ తర్వాత బసవయ్య నోట్లోంచి "బాగుంది" కాకుండా వచ్చిన మొదటి మాట అది.

ఎక్కడో వెక్కిళ్ళలాంటి శబ్దం. ఒకటి, రెండు. సాయవ్వ భుజాలు ఎగిరాయి. తల ఎత్తింది.

"వస్తే రానీ!" అంది. "నా బిడ్డ అచ్చంగ మంచిది. గా పిలగాడు గోడలకు గుద్దుకుంట తిరుగుతుంటే యే పిల్ల నిలుస్తది? ముందుగాల వాని కండ్లకు వెట్టున్రి నూనె!"

అని నవ్వింది. పదిహేను రోజుల నవ్వు ఒక్కసారే వచ్చినట్టు, బండి మీద పడి, గడ్డిలో పడి, పొట్ట పట్టుకుని నవ్వింది. పట్టీ ఎర్రబడి కూసింది. మూడోది.

నేను అందరి వైపూ తిరిగి ఇప్పుడు నవ్వండి అని చెప్పాలనుకున్నాను. చెప్పే అవసరం రాలేదు. మస్తాన్‌బీ అప్పటికే నేల మీద ఉంది. బల్లల వెంట ఒక్కొక్క పట్టీ కూత అందుకుంది. చివరికి నాది. నేను నవ్వుతున్నానని నాకు నా పట్టీ కూసేదాకా తెలియలేదు. నలభై ఒక్క పట్టీలు ఒక్కసారి కూస్తే ఎలా ఉంటుందో మీరు అద్దం వెనక నుంచి వినలేరు. సన్నాయి మేళంలా ఉంటుంది. ఆ మేళంలోనే మస్తాన్‌బీ తాళి కట్టించింది.

తెల్ల చెప్పులవాళ్ళు ఇద్దరు కుర్చీ తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"ఎవరికి మూడో ఎరుపు?"

మస్తాన్‌బీ చెయ్యి ఎత్తింది. పక్కావిడ ఎత్తింది. నలభై ఒక్క చేతులు లేచాయి. బసవయ్యది కూడా.

"మా దగ్గర కుర్చీ ఒకటే ఉంది" అన్నాడు పెద్దతను.

సాయవ్వ గడ్డిలోంచి లేస్తూ అంది: "సూడు వదినె, మీ చుట్టాలట. గింత పెద్ద పెండ్లికి ఒక్క కుర్చీ వట్టుకొని వచ్చిండ్రు. గిదేం మర్యాద?"

చిన్నతను గభాల్న గోడ వైపు తిరిగాడు. అతని చెయ్యి మోకాలి మీద రెండుసార్లు పడింది. నేను చూశాను. పేరు నాకు తెలియదు, తెలిసినా రాయను.

బసవయ్య ఆ కుర్చీని చూసి మొదట రెండడుగులు వెనక్కి వేశాడు. ఎందుకు వేశాడో గదిలో అందరికీ తెలుసు. ఆ తర్వాత ముందుకొచ్చాడు. కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని చక్రం తిప్పి చూశాడు, జేబులోంచి పానా తీశాడు, చక్రం ఊడదీసి తువ్వాలులో చుట్టుకున్నాడు.

"ఇదీ కూస్తోంది" అన్నాడు. "నూనె పెట్టి ఇస్తా."

వాళ్ళిద్దరూ టీ తాగి, చేతులూపుకుంటూ వెళ్ళారు.

దిగులు 8

ఇవాళ రాయడానికి ఏమీ లేదు. అదేమిటా అని దిగులు.

ఒకటి మాత్రం ఉంది. నిన్న నవ్వు ఆగిన పావుగంటకి నా పట్టీ ఎరుపు నుంచి పసుపుకి వచ్చింది. అక్కడ ఆగుతుందనుకున్నాను, ఎప్పుడూ అక్కడే కదా. ఆగలేదు. ఆకుపచ్చ అయింది. ఆరేళ్ళలో మొదటిసారి. చెడిపోయిందేమో అని కొట్టి చూశాను. మస్తాన్‌బీది చూశాను, అదీ అంతే. మెడ మీద ఏళ్ళ తరబడి ఉన్న బరువు దిగింది. పడుకోగానే నిద్ర పట్టింది. డ్రమ్ము మూత ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

సాయవ్వ రెండు రొట్టెలు తిని నా దాంట్లో సగం లాక్కుంది. "చెప్పు అడుగులకు గావాలె" అంది.

దిగులు 9

మీ కాగితం వచ్చింది. మస్తాన్‌బీ చదివి వినిపించింది. గడ్డిగదిలో మూకుమ్మడి భయం నమోదైంది. సాయవ్వకి మూడో ఎరుపు. గవరమ్మ పుస్తకం చూశాక ఏం చేయాలో తేలుస్తాం. అని ఉంది.

భయం అని రాశారు. హిమజ గారూ, భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను దాంతోనే కాపురం చేశాను, పెద్ద తలుపు దగ్గర దాన్ని కళ్ళారా చూశాను. నిన్నగాక మొన్న మా గదిలో ఉన్నది అది కాదు. భయం పట్టినవాళ్ళు తలుపు వైపు పరుగెత్తుతారు. మాలో ఒక్కరు కూడా తలుపు వైపు చూడలేదు. ఒకరి మీద ఒకరు పడ్డాం.

మీ పెట్టెల్లో ఉంటుంది కదా మా అందరి రంగుల లెక్క. ఎర్రబడ్డ పావుగంట తర్వాత ఏమైందో చూడండి. నా మాట నమ్మక్కర్లేదు, మీ పట్టీనే నమ్మండి.

సాయవ్వని పంపం. పంపాలంటే నలభై ఒక్కమందిని పంపాలి, మంచాలు ముప్ఫై అయిదు తక్కువ. మీరు కుదరదంటే రేపు మళ్ళీ పెళ్ళి చేస్తాం, ఎల్లుండి సీమంతం చేస్తాం. పక్క సొరంగంలో నూలుగదివాళ్ళు తమ దగ్గర పెళ్ళీడు బళ్ళు తొమ్మిది ఉన్నాయని కబురు పెట్టారు.

ఇది రాస్తుంటే భయంగానే ఉంది. నాకు ఎప్పుడూ ఉంటుంది. ఉండనీ, చెయ్యి రాస్తూనే ఉంది.

పుస్తకం ఇప్పుడు మీ చేతిలో ఉంది. ఒకటి అడుగుతాను. బండి గోడకి గుద్దుకున్న చోట కాకపోతే బసవయ్య చక్రం తిప్పిన చోట, అక్కడా కాకపోతే ఒక్క కుర్చీ దగ్గర, మీ చెయ్యి మోకాలి మీదకి వెళ్ళిందా? లేక మీ చేతికున్న పట్టీయే కూసిందా? కూస్తే ఎన్నోది? తలుపు వేసుకుని చదువుతున్నారనే అనుకుంటున్నాను.

మొదటి పేజీలో మిమ్మల్ని కూతురి వరస అన్నాను. అది కొట్టేస్తున్నాను. వదిన వరస అవుతారు. వరసకి వయసుతో పని లేదు. ఇక నేను మిమ్మల్ని ఏమైనా అనొచ్చు, మీరూ నన్ను అనొచ్చు, అనకపోతే మాత్రం కోపం ఉందనుకుంటాం.

రేపు మధ్యాహ్నం టీ వేళకి కొత్త కోడలికి మొదటి గడ్డి ఎత్తుతున్నాం. మీ కుర్చీకి బసవయ్య నూనె పెట్టాడు, ఇప్పుడు కూయడం లేదు. దాన్ని మధ్యలో వేసి, మీద తువ్వాలు పరిచి ఉంచాం. పెద్దవాళ్ళ కుర్చీ కదా, ఎవరినీ కూర్చోనివ్వలేదు. రా వొదినా.